నీళ్ళకి రుజువెందుకు?

మా పక్కింటి వదినగారికి పేపరు చదివే అలవాటుంది. చదివినదాన్ని తెచ్చి నా దగ్గర తీర్పుకి పెట్టే అలవాటు కూడా ఉంది. ఈమధ్య ఒక సంగతి పట్టుకొచ్చేరు. నీళ్ళూ గాలీ ఎలా ప్రవహిస్తాయో చెప్పే సమీకరణాలు ఉన్నాయట. వాటికి ఎప్పుడూ సక్రమమైన జవాబు ఉంటుందని గాని, ఒక్కొక్కప్పుడు ఉండదని గాని రుజువు చేసినవాళ్ళకి పది లక్షల డాలర్లు ఇస్తామని అమెరికాలో క్లే గణిత సంస్థ వారు 2000 సంవత్సరంలో ప్రకటించేరట. ఇప్పటికీ ఆ డబ్బు ఎవరికీ అందలేదట. "మన రూపాయల్లో ఎనిమిది కోట్ల పైమాటే! నీళ్ళు పల్లానికి పోతాయని చెప్పడానికి అంత డబ్బా? లాకు దగ్గర లస్కరుని అడిగితే ఉత్తినే చెప్తాడు కదండీ!" అన్నారు.

ఇద్దరం నవ్వుకున్నాం. కాని ప్రశ్న మంచిదే. తణుకులో కాపరం చేసేవాళ్ళకి నీళ్ళ సంగతి ఒకరు చెప్పాలా? ఊరిని ఆనుకుని గోస్తనీ, చుట్టూ కాలవలు, పొలాల్లో బోదెలు. వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో ఊరి ముఖం వాడిపోతుంది. నీళ్ళు వదిలేరన్న కబురు రాగానే మళ్ళీ తేరుకుంటుంది. ఇంత చూసినవాళ్ళం, కంటికి కనిపించేదానికి మళ్ళీ రుజువేమిటి అనుకోవడం సహజమే. అయితే ఈ నీళ్ళు మనదాకా వచ్చిన కథ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే, రుజువు లేకుండా మనిషి ఎంతదూరం రాగలడో, ఎక్కడ ఆగిపోతాడో రెండూ తెలుస్తాయి.

1830ల్లో గోదావరి సీమ ఉన్న స్థితి ఇవాళ నమ్మబుద్ధి కాదు. ఓ పక్క కరువు. ఓ పక్క 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన. నది నిండా నీళ్ళే, ఆ నీళ్ళన్నీ సముద్రం పాలు. ఆర్థర్ కాటన్ దొరగారు ఆనకట్ట కట్టాలని 1844లో ప్రభుత్వానికి రాసేరు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తయింది. రెండు మైళ్ళకు పైగా రాతికట్టడం, అదీ ఇసక మీద. ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో ఆయన ఏ సీమలోనూ నేర్చుకోలేదు. కావేరి మీద మన పూర్వులు కట్టిన కల్లణైని చూసి నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నారు. పక్కనుండి పని నడిపించిన వీణం వీరన్నగారిని గోదావరి వాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అంటే మన డెల్టాకి ప్రాణం పోసింది తరతరాల అనుభవం. అందులో గణితజ్ఞుల రుజువుల ఊసే లేదు.

విచిత్రమేమిటంటే, కాటన్ గారు గోదావరి ఒడ్డున కొలతలు తీసుకుంటున్న రోజుల్లోనే ఆ ప్రవాహ సమీకరణాలు కూడా తయారవుతున్నాయి. 1822లో ఫ్రాన్సులో నావియే అనే వంతెనల ఇంజనీరు వాటిని మొదట రాసేడు. 1845లో కేంబ్రిడ్జిలో స్టోక్స్ అనే పాతికేళ్ళ కుర్రవాడు వాటిని సరైన పునాది మీద నిలబెట్టేడు. అందుకే ఇద్దరి పేరూ కలిపి నావియే-స్టోక్స్ సమీకరణాలంటారు.

పేరు చూసి బెదరకండి. అవి చెప్పే మాట మన వంటింట్లోదే. ప్రతి నీటిబొట్టు మీదా మూడు పనిచేస్తాయి: దాని బరువు, చుట్టూ ఉన్న నీళ్ళ ఒత్తిడి, పక్కబొట్టు రాపిడి. ఈ మూడూ కలిసి ఆ బొట్టు వేగాన్ని ఎలా మారుస్తాయో సమీకరణం చెబుతుంది. తేనెలో రాపిడి ఎక్కువ, అంచేత నెమ్మదిగా జారుతుంది. నీళ్ళలో తక్కువ, అంచేత గరిటె తిప్పితే సుడులు పడతాయి. చిక్కంతా ఎక్కడంటే, ప్రతి బొట్టూ తన పక్కబొట్టుని కదుపుతుంది, ఆ కదిలింది తిరిగి దీన్ని కదుపుతుంది. ఉమ్మడి కుటుంబంలో తగువులాగ, ఎవరితో మొదలైందో ఎవరితో ముగుస్తుందో విడదీసి చెప్పడం కష్టం.

సరే, అనుభవంతోనే ఆనకట్ట నిలిచింది కదా, రుజువుతో పనేమిటి? దీనికి జవాబు గోదావరిలో కాదు, పంజాబులో దొరికింది.

ఇసక మీద కట్టిన ఆనకట్టకి పైనుంచి వచ్చే వరదకంటె అడుగునుంచి వచ్చే ప్రమాదం పెద్దది. ఎగువన నిలిచిన నీరు పునాది కిందనుంచి ఇసకలో దూరి దిగువన పైకి లేస్తుంది. లేచేటప్పుడు ఇసకని మోసుకుపోతే పునాది కింద గుల్లవుతుంది. వరద రోజుల్లో "గట్టుకి బుంగ పడింది" అన్న కేక విన్నవాళ్ళకి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. దీనికి బ్లై అనే ఇంజనీరు 1910లో ఒక సూత్రం ఇచ్చేడు. నీరు పునాదిని అంటిపెట్టుకుని పాకుతుంది కనక ఆ దారి ఎంత పొడుగైతే అంత క్షేమం అన్నాడు. అడ్డంగా పాకినా, నిలువుగా దిగి ఎక్కినా ఆయన లెక్కలో ఒకటే. సులువైన సూత్రం, అనుభవంలోంచి వచ్చిన సూత్రం. అందరూ వాడేరు.

1926-27 ప్రాంతంలో పంజాబులోని ఎగువ చీనాబు కాలవ మీద ఆ సూత్రం ప్రకారమే కట్టిన కట్టడాలు దెబ్బతిన్నాయి. ఎందుకని ఎ.ఎన్. ఖోస్లా అనే ఇంజనీరూ ఆయన సహచరులూ పరిశోధించేరు. పునాది కింద గొట్టాలు దింపి ఒత్తిడి కొలిచేరు. కొలతలు బ్లై లెక్కతో కలవలేదు. నీరు పునాదిని అంటిపెట్టుకుని పాకడం లేదు. ఇసక అంతటా వంపు తిరిగిన దారుల్లో నడుస్తోంది. ఆ దారుల్ని చెప్పేది లాప్లాస్ సమీకరణం. దాన్ని సాధిస్తే తేలిన ముఖ్యమైన సంగతి ఇదీ: దారి మొత్తం పొడుగు ఒక్కటే చూస్తే చాలదు, నీరు బయటికి లేచేచోట ఎంత విసురుగా లేస్తుందో చూడాలి. అంచేత దిగువ అంచున లోతైన అడ్డుగోడ దింపి తీరాలి. 1936లో వారు ప్రచురించిన గ్రంథమే ఆ తర్వాత మన దేశంలో ఇసక మీద బ్యారేజీలు కట్టేవారికి పాఠమైంది.

ఇక్కడ రుజువు చేసిన మేలు ఏమిటో చూడండి. ఆ సమీకరణానికి, అంచుల దగ్గర ఒత్తిడి ఎంతో తెలిస్తే, జవాబు ఒక్కటే ఉంటుందని గణితజ్ఞులు ముందే రుజువు చేసి పెట్టేరు. ఒక్కటే అన్న ఆ ఒక్క మాట లక్షలు చేస్తుంది. ఏ ఉపాయంతో పట్టుకున్నా సరే, అన్ని షరతులకీ సరిపోయిన జవాబు దొరికిందంటే నదిలో జరిగేది కూడా అదే. రుజువు లేకపోతే మన కాగితం మీద ఒక జవాబు, నదికి ఇంకో జవాబు ఉండవచ్చు. ఇవాళ ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్ల కాటన్ బ్యారేజి ఉంది. 1982లో పూర్తయిన ఆ బ్యారేజీని చూసేటప్పుడు మన కళ్ళకి గేట్లే కనిపిస్తాయి. అలాంటి కట్టడాల భద్రతలో సగం కంటికి కనిపించని ఇసకలోనే ఉంటుంది.

అడమార్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఈ విషయానికి చక్కని రూపం ఇచ్చేడు. ప్రకృతిని గురించిన సమీకరణాన్ని నమ్మాలంటే మూడు కావాలన్నాడు. జవాబంటూ ఉండాలి. ఒక్కటే ఉండాలి. ఇవాళ్టి కొలతలో వేలెడు తేడా వస్తే రేపటి జవాబులో తాడెత్తు తేడా రాకూడదు.

ఈ మూడూ పుస్తకాల మాటలనుకోకండి. వానాకాలంలో రేడియోలో, ఇప్పుడైతే టీవీలో, మనం ఆత్రంగా వినేది భద్రాచలం నీటిమట్టం. 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు వచ్చింది. భద్రాచలంలో ఇవాళ ఇంత ఉంటే రేపు ధవళేశ్వరంలో ఎంత ఉంటుందని లెక్క కట్టడానికి సాన్-వెనాఁ అనే ఇంజనీరు 1871లో రాసిన సమీకరణాలున్నాయి. అవి కూడా ఈ వంశంలోవే. ఆ లెక్కకి జవాబు రెండు రకాలుగా వస్తే ఏ లంకని ఖాళీ చేయించాలి? భద్రాచలంలో కొలబద్ద చదివినవాడు రెండంగుళాలు పొరబడితే ఇక్కడ రెండడుగులు తేడా వస్తుందంటే, ఆ హెచ్చరికని ఎవరు లక్ష్యపెడతారు?

నదిది ఒక ఎత్తు. సముద్రానిది ఇంకో ఎత్తు.

1977 నవంబరు 19, శనివారం. ఆనాటి గాలి హోరు మా వయసువాళ్ళం ఎవరం మరిచిపోలేదు. మాకు కూలినవి చెట్లూ రేకులూ. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి పడింది. సుమారు 10,000 మంది చనిపోయారు. ఇంకా ఎక్కువేనని చెప్పేవాళ్ళూ ఉన్నారు. గాలికంటె నీరే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది. అంచేత తుఫాను వస్తోందని చెప్తే చాలదు. నీరు ఏ ఊరిదగ్గర ఎంత ఎత్తు లేస్తుందో కొన్ని గంటల ముందు చెప్పాలి. ఆ లెక్క ఎలా చెయ్యాలన్నదే అసలు కథ.

వాతావరణాన్ని ఈ సమీకరణాలతో లెక్కగట్టవచ్చునని మొదట కూర్చుని చేసి చూసినవాడు రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన. యుద్ధమంటే పడని మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో క్షతగాత్రుల్ని మోసే బండి నడుపుతూ, విరామం దొరికినప్పుడల్లా చేత్తో లెక్కలు చేసేడు. మధ్యలో రాతప్రతి పోయి, కొన్ని నెలల తరవాత బొగ్గుకుప్ప కింద దొరికింది. 1922లో అచ్చయింది. ఆరు గంటల్లో గాలి ఒత్తిడి 145 మిల్లీబార్లు మారుతుందని ఆ లెక్కలో తేలింది. నిజానికి ఆ రోజున ఒత్తిడి దాదాపు కదల్లేదు. ఎంత పెద్ద తుఫానులోనూ ఆరు గంటల్లో అంత మార్పు రాదు. ఆయన అంత తప్పునీ దాచుకోకుండా అచ్చు వేయించేడు. పెద్దమనసు. ఆ తప్పుకి ముఖ్య కారణం మొదటి కొలతల్లో పొంతన లేకపోవడం అని తరవాత తేలింది. కాని కొలతలు సరిగా ఉన్నా, ఆయన అదే పద్ధతిలో అడుగులు వేసుకుంటూ ముందుకు పోయి ఉంటే, దారిలో ఇంకో గొయ్యి కాచుకుని ఉంది. దాని సంగతి ఆనాడు ఎవరికీ తెలీదు.

ఆ గొయ్యిని బయటపెట్టినవాళ్ళు వాతావరణం జోలికే పోనివాళ్ళు. జర్మనీలో గొట్టింగెన్ ఊళ్ళో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లేవీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1928లో ఒక వ్యాసం రాసేరు. అప్పటికి కంప్యూటర్లు లేవు. వాళ్ళ గొడవల్లా సమీకరణాలకి జవాబు ఉందని రుజువు చెయ్యడమే. అందుకోసం స్థలాన్ని గళ్ళుగా, కాలాన్ని చిన్నచిన్న అడుగులుగా విడగొట్టి చూసేరు. అలా చూస్తుంటే ఒక నియమం బయటపడింది.

దాన్ని ఇలా చెప్పుకోవచ్చు. బంగాళాఖాతం మీద గళ్ళచీర పరిచేమనుకోండి. ఒక్కొక్క గడిలో నీటిమట్టం ఎంతో పక్క గళ్ళని చూసి లెక్కకడతాం. తరవాత కాస్సేపటికి ఎంతవుతుందో మళ్ళీ కడతాం. ఆ "కాస్సేపు" ఎంత ఉండాలి? అల నిజంగా ఒక గడి దాటిపోయేలోపల లెక్క ఇంకో అడుగు వెయ్యాలి. వెయ్యి మీటర్ల లోతు నీళ్ళలో ఉప్పెనలాంటి పొడుగాటి అల సెకనుకి సుమారు 100 మీటర్లు పోతుంది. గడి పది కిలోమీటర్లు అయితే ఇంచుమించు 100 సెకన్లలో దాటేస్తుంది. మనం పని తగ్గుతుంది కదా అని ఐదేసి నిమిషాల అడుగులు వేసేమో, తప్పు అడుగడుక్కీ రెట్టింపై, చివరికి సముద్రం ఆకాశమెత్తు లేచినట్టు అంకెలు వస్తాయి. గళ్ళు ఎంత సన్నంగా నేసినా, అడుగుని కూడా తగ్గించకపోతే ప్రయోజనం లేదు. యంత్రం దగ్గర ఒక దుర్గుణం ఉంది. "నాకు తెలీదండీ" అనదు. అంకెలు అడిగితే అంకెలు పోస్తుంది. ఏ అంకెని నమ్మాలో, ఏది నమ్మకూడదో చెప్పింది ఆ ముగ్గురి రుజువే.

హిట్లరు వచ్చేక ఆ ముగ్గురూ దేశం విడిచి అమెరికా చేరేరు. వాళ్ళ వ్యాసం మాత్రం అవసరం వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంది. 1950లో ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటరు మీద మొదటిసారి వాతావరణం లెక్కకట్టినప్పుడు అడుగు ఎంత వెయ్యాలో ఆ నియమమే చెప్పింది. ఆ బృందానికి యంత్రానికి ఆజ్ఞలు రాయడం నేర్పి, చివరి ప్రతి సరిచూసిపెట్టినది క్లారా ఫాన్ నాయ్‌మన్ అనే ఆవిడ. శాస్త్రజ్ఞులు తమ వ్యాసంలో ఆవిడకి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. 1972లో పి.కె. దాస్ గారు బంగాళాఖాతంలో ఉప్పెనల్ని లెక్కగట్టే పద్ధతి ప్రకటించేరు. ఉప్పెనల మీద 1984లో వచ్చిన పెద్ద గ్రంథం రాసినది కెనడాలో స్థిరపడిన మన తెలుగాయన, టాడ్ మూర్తిగారు. ఇవాళ ఉప్పెన ఎత్తు లెక్కకట్టే పని హైదరాబాదులో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ సంస్థలో జరుగుతుంది.

ఫలితం? 1996 నవంబరు 6న కోనసీమని కొట్టిన తుఫానులో కూడా వెయ్యిమందికి పైగా పోయారు. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్‌లో మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ఇదంతా గణితం చలవే అంటే అది అన్యాయం. ఉపగ్రహాలు, తుఫాను షెల్టర్లు, రోడ్లు, ఫోన్లు, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని తరలించిన ఉద్యోగులు, అందరి పుణ్యమూ ఉంది. కాని ఎవరిని, ఎప్పుడు, ఎక్కడికి తరలించాలో చెప్పే అంకెలు లేకపోతే తక్కినవన్నీ చీకట్లో పరుగే.

మరి వదినగారు చెప్పిన ఆ డబ్బు దేనికి? మొత్తం సమీకరణాలకి, ఏ చిన్న సుడినీ వదలకుండా, జవాబు ఎప్పుడూ ఉంటుందా అన్నది ఇంకా తేలలేదు. ఉందో లేదో తెలియని జవాబు కోసం లెక్కలు చెయ్యడం, పెళ్ళికొడుకు ఖాయం కాకుండా శుభలేఖలు అచ్చువేయించినట్టే. 1934లో లెరే అనే ఫ్రెంచాయన ఒక రకమైన జవాబు ఎప్పుడూ ఉంటుందని రుజువు చేసేడు. కాని అది ఒక్కటేనా అన్నది, ఎక్కడో ఒకచోట వేగం హద్దు లేకుండా పెరిగిపోదా అన్నది మిగిలిపోయింది. నిజం నీళ్ళు అలా చెయ్యవు. సమీకరణం అలా చేస్తే, అందులో ఏదో వదిలేసేమన్నమాట. రుజువు అన్నది మనం రాసుకున్నదాని హద్దు ఎక్కడుందో చూపించే గట్టురాయి.

ఈ దారిలో పెద్ద అడుగు వేసినది ఓల్గా లాదిజెన్‌స్కయా అనే రష్యన్ మహిళ. ఆవిడ తండ్రి లెక్కల మాస్టారు. కూతుళ్ళకి సిద్ధాంతం చెప్పి, "ఇప్పుడు మీరే రుజువు చెయ్యండి" అనేవాడట. 1937లో ప్రభుత్వం ఆయన్ని పట్టుకుపోయి కాల్చి చంపింది. ప్రజాశత్రువు కూతురని లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయం ఓల్గాకి సీటివ్వలేదు. అంతటితో ఆగిపోవలసిన పిల్ల 1943లో మాస్కోలో చేరింది. ప్రవాహం పలచటి పొరలో పోయినట్టు రెండు దిక్కుల్లోనే సాగితే జవాబు ఎప్పుడూ ఉంటుందని, ఒక్కటే ఉంటుందని 1950ల చివరికి రుజువు చేసింది. మూడో దిక్కే ఇంకా లొంగలేదు. అయితే మధ్యలో ఒక శుభవార్త ఉంది. సముద్రాన్నీ వాతావరణాన్నీ పెద్దయెత్తున లెక్కగట్టడానికి వాడే సరళమైన సమీకరణాలకి, రాపిడిని కలుపుకుని, మూడు దిక్కుల్లోనూ జవాబు ఉందని చొంగ్‌షెంగ్ కావ్, ఎద్రిస్ తితి అనే ఇద్దరు 2007లో ప్రకటించిన వ్యాసంలో రుజువు చేసేరు.

తీరం ఒడ్డున ఉన్న ఒక ఇల్లాలిని తలుచుకోండి. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. అంతలో ఎవరో వచ్చి, సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. గాదెలో ధాన్యం, కొట్టంలో గేదె, మంచంలో ముసలి అత్తగారు, చంకలో పిల్ల. వీటన్నిటినీ ఏ ధైర్యంతో కదపాలి? ఒకసారి కదిలించి, నీళ్ళు రాలేదనుకోండి, మరోసారి పిలిస్తే రాదు. రాకపోతే ఆ తప్పు ఆవిడది కాదు. ఆవిణ్ణి ఇల్లు వదలమని అడిగే లెక్క, నమ్మదగ్గ లెక్క అయితీరాలి. ఏనాడో కోరంగి ఏమైందో, దివి ఏమైందో తెలిసిన నేల మీద ఉన్నవాళ్ళం, ఆ నమ్మకం ఖరీదు ఎనిమిది కోట్లంటే ఎక్కువని నేననలేను.